ఆరేళ్లు కట్టిన విశ్వంలోకి ఆటగాళ్లు రావాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆరేళ్లుగా ఒక సైన్స్ ఫిక్షన్ విశ్వాన్ని కడుతున్నారు. ఐదు సామ్రాజ్యాలు, పన్నెండు వందల ఏళ్ల చరిత్ర, నక్షత్రాల మధ్య ప్రయాణానికి ద్వారాలు, సొంత రూల్స్, అన్నీ కలిపి 140 పేజీల పీడీఎఫ్. రోల్‌ప్లేయింగ్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట. అది ఆడేవాళ్ల గ్రూపుల్లో మూడుసార్లు పిలిచారు. "సూపర్ బ్రో" అన్నవాళ్లు చాలామందే గానీ ఆడటానికి ఇద్దరే వచ్చారు. మొదటి సెషన్ తర్వాత వాళ్లూ రాలేదు. లోపం విశ్వంలో ఉందా, నాలో ఉందా, లేక మనవాళ్లకు సైన్స్ ఫిక్షన్ మీద ఆసక్తే లేదా అని అడిగారు.

మీ పీడీఎఫ్ మొత్తం చదివాను. రెండు సాయంత్రాలు పట్టింది. విశ్వంలో లోపం లేదు. ఆసక్తి లేకపోవడమూ కాదు. మీరు పిలిచిన తీరులో, వచ్చినవాళ్లను కూర్చోబెట్టిన తీరులో ఉంది ఇబ్బంది. అది సరిచేసుకోగలిగిందే. నేను కూడా తొమ్మిదేళ్లుగా సొంత విశ్వంలోనే ఆటలు నడుపుతున్నాను. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ మీద స్థిరపడ్డ మనుషుల కథ. నా మొదటి క్యాంపెయిన్, అంటే చాలా సెషన్ల పాటు సాగాల్సిన కథ, ఒక్క సెషన్‌తోనే ఆగిపోయింది. నలుగురు స్నేహితులను ఇంటికి పిలిచి, టీలు ఇచ్చి, నలభై నిమిషాలు టైటన్ వలసల చరిత్ర చదివి వినిపించాను. బాగా విన్నారు. "చాలా కష్టపడ్డావు" అన్నారు. మళ్లీ ఆదివారం ఒకరికి ఆఫీసు పని, ఒకరికి ఊళ్లో పెళ్లి. వాళ్ల తప్పేమీ లేదు. ఆ నలభై నిమిషాల్లో వాళ్లు చేయాల్సిన పని ఒక్కటీ నేను ఇవ్వలేదు.

ఆడటానికి వచ్చే మనిషి మీ విశ్వం ఎంత పెద్దదో చూడటానికి రాడు. అందులో తనకు చేయడానికి ఏముందో చూస్తాడు. మీ పిలుపులో "ఐదు సామ్రాజ్యాల మధ్య సున్నితమైన సమతుల్యం చెదిరిపోతోంది" అని రాశారు. చదివితే గంభీరంగానే ఉంది. కానీ నేను ఆదివారం వచ్చి కూర్చుంటే ఎవరిని? ఓడ నడిపేవాడినా, రాయబారినా, వంటవాడినా? నా ముందున్న చిక్కేమిటి? ఆ సంగతి అందులో లేదు.

ఫాంటసీకి ఉన్న సౌకర్యం సైన్స్ ఫిక్షన్‌కు లేదు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందంటే మనలో ఎవరికైనా ఏం చేయాలో వెంటనే తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి విన్న కథే కదా. "ద్వారాల నియంత్రణ మండలి అనుమతి రద్దయింది" అంటే ఏం చేయాలో మీకు తప్ప ఎవరికీ తెలియదు. 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పటి నుంచి కత్తీ మంత్రం ఉన్న ఆటలకే ఎక్కువమంది రావడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. సైన్స్ ఫిక్షన్‌లో ప్రతి విశ్వానికీ కొన్ని ప్రాథమిక ప్రశ్నలుంటాయి. దూరాలు ఎలా దాటతారు, ఇంటికి కబురు పెట్టాలంటే ఎంతసేపు పడుతుంది, ఏం తింటారు, ఎవరికి డబ్బు కట్టాలి, పోట్లాట వస్తే చట్టం ఎవరిది. ఇవి తెలియనంతవరకు ఆటగాడు ఏ నిర్ణయమూ ధైర్యంగా తీసుకోలేడు. జవాబులన్నీ మీ పీడీఎఫ్‌లో ఉన్నాయి. కాకపోతే 31వ పేజీలో ఒకటి, 64లో ఒకటి, 112లో ఒకటి.

ఈ ప్రశ్నలన్నిటినీ ఒకే ఒక్క నియమంతో తేల్చేసిన ఆట ట్రావెలర్. మార్క్ మిల్లర్ రూపొందించగా 1977లో వచ్చింది. అందులో ఓడ ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి ఒక జంప్ చేస్తే, దాటే దూరం ఎంతైనా, సుమారు వారం పడుతుంది. ఓడకన్నా వేగంగా వార్త వెళ్లే దారి లేదు. రూలు ఇంతే. దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. దూరపు గ్రహం మీది గవర్నరు రాజధాని జవాబు కోసం వారాల తరబడి ఆగలేడు, సొంతంగా నిర్ణయం తీసుకోవాలి. ఒక ఊళ్లో నేరం చేసి తర్వాతి ఓడ ఎక్కినవాడికి కబురు కన్నా ముందే చేరిపోయే అవకాశం ఉంటుంది. వ్యాపారికి అవతలి ధర తెలిసేది అవతల దిగాకే. వారం రోజులు నలుగురూ ఒకే ఓడలో ఇరుక్కుని ఉంటారు కాబట్టి గొడవలూ మాటలూ వాటంతటవే పుడతాయి. ఆటగాడు ఒక్క వాక్యం గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతాదంతా తనే ఊహించుకోగలడు. ఇంకో సంగతి. 1977లో ఆ ఆట ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది, వాటిలో విశ్వం అంటూ దాదాపు ఏమీ లేదు. ఆ ఆటకు పేరు తెచ్చిన సామ్రాజ్యం తర్వాతి ప్రచురణల్లో విడతలు విడతలుగా వచ్చింది. మొదటి పెట్టె మీద చరిత్ర అచ్చువేయలేదు. దాడిలో చిక్కుకున్న ఒక సరకు ఓడ సాయం కోసం వేసిన కేక అచ్చువేశారు. అది చదివినవాడికి ఆ ఓడ ఏ సామ్రాజ్యానిదో తెలియదు, కానీ సాయం చేయాలనిపిస్తుంది.

మీ విశ్వంలోనూ అలాంటి కేక ఉంది. 87వ పేజీలో, ఆరో ద్వారం గురించి రాసిన పేరా చివర. నలభై ఏళ్ల కిందట మూసేసిన ఆ ద్వారం అవతల నుంచి ఏడాదికోసారి, ఎవరో తలుపు తీయమన్నట్టు, ఒక సంకేతం వస్తుందని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అది చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మీ విశ్వానికి గుమ్మం అదే. మిగతా 139 పేజీలూ ఇంటి లోపలి గదులు. పిలుపు ఇలా రాసి చూడండి:

"ఆరో ద్వారం మూసి నలభై ఏళ్లయింది. అవతల ఉండిపోయినవాళ్లంతా చనిపోయారని ప్రభుత్వం ఎప్పుడో ప్రకటించింది. మీరు నలుగురూ ద్వారం స్టేషన్‌లో రాత్రి షిఫ్టు సిబ్బంది. ఇప్పుడు టైము రెండున్నర. అవతల నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది, మీలో ఒకరిని పేరు పెట్టి పిలిచింది. పై అధికారి పొద్దున ఆరింటికి వస్తాడు. ఆదివారం మూడు గంటల ఆట, ఒక్కసారే. నలుగురికి చోటు. రూల్స్ తెలియకపోయినా పర్వాలేదు, క్యారెక్టర్లు నేనే తయారుచేసి తెస్తాను. తెలుగూ ఇంగ్లిషూ కలిపి మాట్లాడుకుందాం."

ఇందులో సామ్రాజ్యాల పేర్లు ఒక్కటీ లేవు. ఎవరు, ఎక్కడ, ఎంత టైముంది, తేల్చుకోవాల్సిందేమిటి, ఇవి మాత్రం ఉన్నాయి. చివరి నాలుగు ముక్కల్ని తేలిగ్గా తీసుకోకండి. "ఒక్కసారే" అన్న మాట చూసే చాలామంది చేయి ఎత్తుతారు. ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవాళ్లు ముక్కూమొహం తెలియని జీఎంకు (గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపే మనిషికి) ఆరు నెలల ఆదివారాలు రాసివ్వరు. మూడు గంటలు ఇస్తారు. అవి నచ్చితే మళ్లీ ఎప్పుడు అని వాళ్లే అడుగుతారు.

నలుగురు సిబ్బంది క్యారెక్టర్లను మీరే చేయండి. ఒక్కొక్కరికీ ఒక పని, ఒక భయం, పక్కవాడితో ఒక లెక్క తేలని వ్యవహారం. ఒకామె తండ్రి ద్వారం అవతల ఉండిపోయాడు. ఒకతను ద్వారం మూసే మీట నొక్కిన ఇంజనీరు కొడుకు. ఈ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టాక మీరు పెద్దగా కథ నడపక్కర్లేదు. క్యారెక్టర్ షీట్, అంటే ఆ పాత్ర వివరాలు రాసిన కాగితం, ఒక పేజీ దాటకూడదు.

ఇక ఆ నలుగురికీ చరిత్ర ఎంత తెలియాలి? స్టేషన్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఎంత తెలుస్తుందో అంతే. 1976లో జేమ్స్ వార్డ్ చేసిన మెటమార్ఫసిస్ ఆల్ఫాలో ఆట అంతా తరతరాలుగా సాగిపోతున్న ఒక పెద్ద నౌకలో జరుగుతుంది. క్యారెక్టర్లకు మాత్రం తాము నౌకలో ఉన్న సంగతే తెలియదు. అదే లోకం అనుకుంటారు. అచ్చులో వచ్చిన తొలి సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆట అది. క్యారెక్టర్‌కు తెలియనిది ఆటగాడికీ తెలియకపోతే ముందుగా చదవాల్సింది ఏమీ ఉండదు, తెలుసుకోవడమే ఆట అవుతుంది. మీ పన్నెండు వందల ఏళ్లను ఆదిలోనే పోసేయకుండా వాళ్లు తవ్వుకునేలా దాచిపెట్టండి. తవ్వి తీసిన సంగతి మనిషికి గుర్తుంటుంది.

మీ సొంత రూల్స్ గురించి చెబితే బాధపడతారేమో గానీ చెప్పాలి. ప్రస్తుతానికి పక్కన పెట్టండి. తొమ్మిది లక్షణాలు, నాలుగు రకాల పాచికలు, కొత్త విశ్వం, కొత్త మనుషులు, ఇన్ని కొత్తలు ఒక్క సాయంత్రంలో ఎవరికీ ఎక్కవు. వాటి బదులు కెవిన్ క్రాఫర్డ్ రాసిన స్టార్స్ వితౌట్ నంబర్ అనే సైన్స్ ఫిక్షన్ ఆట రూల్స్ వాడండి, దానికి ఉచిత ప్రతి దొరుకుతుంది. దాని చివరి భాగాలు జీఎం కోసమే రాసినవి, మీలా విశ్వాలు కట్టేవాళ్లకు చాలా పనికొస్తాయి. వచ్చే ఆటకు అవసరమైనంతే సిద్ధం చేసుకో, మిగతాది నీ సంతోషం కోసమైతేనే రాసుకో అంటాడాయన. మీ టేబుల్, అంటే మీతో ఆడే జట్టు, నిలదొక్కుకున్నాక, ఆటగాళ్లకు మీ మీద గురి కుదిరాక, మీ రూల్స్‌ను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టండి. అప్పుడు వాళ్లు ఓపిగ్గా ఆడతారు.

పేర్లు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ టేబుల్ మీద చాలా పెద్దది. "క్జైథ్రాన్ ప్రైమ్" అని మీరు రాసింది నేను పైకి చదవలేకపోయాను. నోరు తిరగని పేరును ఆటగాళ్లు "ఆ గ్రహం" అంటారు, కొన్నాళ్లకు దాని గురించి మాట్లాడటమే మానేస్తారు. నా టైటన్‌లో క్రాకెన్ మారే అనే మీథేన్ సముద్రం ఒడ్డున ఉన్న స్థావరం పేరు నీలిరేవు. మొదట్లో దానికి అంకెలూ అక్షరాలూ కలిసిన పేరు ఉండేది. ఎవరూ వాడలేదు. నీలిరేవు అన్న రోజు నుంచీ "మా రేవు" అనడం మొదలుపెట్టారు. మీ లోకమంతా తెలుగు పేర్లతో నింపమని కాదు. మనుషులు నివసించే చోటుకు మనుషులు పిలుచుకునే పేరు ఉండాలి అంటున్నాను.

సైన్స్ విషయంలో మీకు మంచి పట్టు ఉంది, దాన్ని పేరాల్లో వృథా చేస్తున్నారు. సైన్స్ ఎప్పుడు పనికొస్తుందంటే, అది ఆటగాడి చేతికి ఒక పని అందించినప్పుడు. టైటన్ గాలి ఎక్కువభాగం నైట్రోజన్, కొంత మీథేన్. పీడనం భూమి మీదకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు, ఆకర్షణ ఏడో వంతు, చలి మైనస్ 179 డిగ్రీలు. ఇది చెబితే తలలూపుతారు. అదే సంగతి ఇలా చెప్పండి. చేతులకు రెక్కలు కట్టుకుని ఆడిస్తే మనిషి ఎగరొచ్చు. సూటు చిరిగితే ఊపిరితిత్తులు పేలిపోవు, చలి చంపుతుంది. మన ఇంట్లో గ్యాస్ లీకైతే భయం, అక్కడ ఆక్సిజన్ లీకైతే భయం, ఎందుకంటే మీథేన్ బయటంతా ఉంది, మండటానికి లేనిదల్లా ఆక్సిజనే. వెంటనే ఒకడు "అయితే శత్రువుల గోదాం పక్కన ఆక్సిజన్ సిలిండర్ తెరిస్తే?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే మీ విశ్వం వాళ్ల తలలోకి వెళ్లిందన్నమాట. భూమికి మాట చేరాలంటే గంటకు పైగా పడుతుంది కాబట్టి సలహా అడిగి జవాబు వచ్చేలోపు గోదాం ఉండదు, ఆ నిర్ణయం వాళ్లదే.

మీరు ఒప్పుకోవడానికి కష్టపడేది ఇప్పుడు చెప్పబోయేది. నేనూ కష్టపడ్డాను. విశ్వంలో ఖాళీలు వదలాలి, ఆటగాళ్లు నింపినదాన్ని మీరు రాసినదానితో సమానంగా చూడాలి.

టైటన్ మీద మతాల గురించి నేను ముప్పై పేజీలు రాసుకున్నాను. మూడో ఏట ఒక సెషన్‌లో పడవ నడిపే ముసలాయన చనిపోయాడు. ఆ రాత్రి ఆ ముప్పై పేజీలు తీయకుండా, ఆయన మనవరాలిగా ఆడుతున్న ఆమెను అడిగాను: "మీవాళ్లు ఏం చేస్తారమ్మా ఇలాంటప్పుడు?" ఆమె కాసేపు ఆలోచించింది. నేల గట్టి మంచు కదా, తవ్వలేరు, కాల్చడానికి ఆక్సిజన్ వృథా చేయరు, అంది. సముద్రంలోకి తీసుకెళ్లి వదులుతారు అంది. ద్రవ మీథేన్ సాంద్రత నీటిలో సగం కూడా ఉండదు, అందులో మనిషి తేలడు, నేరుగా అడుక్కు వెళ్లిపోతాడు. అక్కడి చలికి శరీరం పాడవదు. "అంటే మా తాత, ఆయన తాత, అందరూ అడుగున అలాగే ఉన్నారు. అందుకే పెద్దల అమావాస్యకు రేవులో పడవలన్నీ ఇంజన్లు ఆపేస్తాయి. వాళ్ల నిద్ర చెడకూడదు." గదిలో ఎవరూ మాట్లాడలేదు. నా ముప్పై పేజీల్లో ఇంత బరువున్న వాక్యం ఒక్కటీ లేదు. ఆరేళ్లయింది. ఆ తర్వాత మూడు క్యాంపెయిన్లు, ఎందరో కొత్త ఆటగాళ్లు. ఇప్పటికీ నీలిరేవులో ఆ రోజు ఇంజన్లు ఆపుతారు. ఒకసారి వెంటపడుతున్న శత్రువుల నుంచి తప్పించుకునే అవకాశం ఉండి కూడా, ఆ రోజు అమావాస్య అని ఒకతను ఇంజన్ వేయలేదు. ఆ ఆచారం పుట్టించిన ఆమెను అతను ఎప్పుడూ కలవలేదు.

ఆమె ఇప్పటికీ వస్తుంది. ఎందుకు మానుతుంది? ఆ లోకంలో తన ముక్క ఉంది.

కాబట్టి మొదటి సెషన్ చివర ఒక్కొక్కరినీ ఒక్కో చిన్న ప్రశ్న అడగండి. ద్వారం మూసిన రోజు మీ ఇంట్లో ఎవరు భోజనానికి రాలేదు? స్టేషన్‌లో ఎవరూ వెళ్లకుండా తప్పించుకునే కారిడార్ ఏది, ఎందుకు? జవాబు మీ పీడీఎఫ్‌తో పొసగకపోతే పీడీఎఫ్‌ను దిద్దండి. ఇలాంటి ఉమ్మడి నిర్మాణం మీకు నచ్చితే బెన్ రాబిన్స్ చేసిన మైక్రోస్కోప్ ఒకసారి ఆడి చూడండి. అందులో జీఎం ఉండడు, ఒక చరిత్రను అందరూ కలిసి కడతారు.

అదే బెన్ రాబిన్స్ వెస్ట్ మార్చెస్ అనే క్యాంపెయిన్ నడిపిన పద్ధతి మీ మరో సమస్యకు పనికొస్తుంది, అదే నలుగురినీ ఒకే టైముకు చేర్చడం. ఆయన టేబుల్‌కు స్థిరమైన రోజు లేదు, స్థిరమైన జట్టూ లేదు. ఎప్పుడు, ఎవరు, ఎక్కడికి వెళ్లాలో ఆటగాళ్లే మాట్లాడుకుని జీఎంకు చెప్పేవారు. ప్రతి ఆటా చివరికి స్థావరానికి తిరిగి రావడంతో ముగిసేది. మీ ద్వారం స్టేషన్ దీనికి సరిగ్గా సరిపోతుంది. స్టేషన్ నుంచి బయలుదేరతారు, పాత ఓడ శిథిలాలు వెతుకుతారు, రాత్రికి తిరిగి వస్తారు. ఈసారి ముగ్గురొస్తే ముగ్గురు, వచ్చేసారి ఇంకో నలుగురు. మీ పిలుపుకు అమెరికాలోని మనవాళ్లు కూడా చేయి ఎత్తారని రాశారు. హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ఎనిమిదంటే డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. పిల్లలు పడుకుంటారు, అదే మంచి టైము. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఆ వారం తప్పకుండా ముందే గుర్తు చేయండి.

ఎవరిని పిలవాలి అన్నదానికి నా అనుభవం చెప్పేది ఒకటే. అపరిచితుల గ్రూపుల్లో పోస్టు కన్నా ముందు, ఇంకొకరి టేబుల్‌లో మామూలు ఆటగాడిగా కూర్చోండి. రెండు నెలలు వాళ్ల కథను శ్రద్ధగా ఆడండి, వాళ్ల క్యారెక్టర్లు వెలిగేలా సాయపడండి. ఆ తర్వాత "నా దగ్గరో రాత్రి షిఫ్టు కథ ఉంది" అంటే ఆ టేబుల్ నుంచే ముగ్గురొస్తారు. అసలు ఎప్పుడూ ఆడని స్నేహితులను కూడా వదలకండి. వాళ్లకు ఫాంటసీ అలవాటు ఉండదు, కాబట్టి మీ విశ్వం వాళ్లకు వింతగా అనిపించదు.

కొత్తవాళ్లతో మొదటి ఆట కెఫే లాంటి నలుగురూ తిరిగే చోట పెట్టండి, ఇంట్లో వద్దు. ఆటలో ఏయే విషయాలు వస్తాయో ముందే చెప్పండి. జాన్ స్టావ్రోపౌలోస్ ఆలోచించిన ఎక్స్ కార్డు ఒకటి టేబుల్ మధ్యలో పెట్టండి. ఎవరైనా దాన్ని తాకితే ఆ సన్నివేశాన్ని కారణం అడగకుండా దాటేయాలి. నా టేబుల్‌కు ఆడవాళ్లు రావడం, వచ్చినవాళ్లు నిలవడం ఈ మూడూ పాటించడం మొదలుపెట్టాకే.

బొమ్మలు, మ్యాపులు, సంగీతం, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని కూడా అడిగారు. ఇప్పుడు వాటి మీద టైము పెట్టకండి. వీడియో కాల్, ఒక డైస్ యాప్ చాలు.

వచ్చి వెళ్లిపోయిన ఆ ఇద్దరితో మాత్రం ఒకసారి మాట్లాడండి. "ఎందుకు రాలేదు" అని అడిగితే మొహమాటానికి ఏదో చెబుతారు. "మొదటి గంటలో మీకు ఎక్కడ బోర్ కొట్టింది" అని అడగండి. నా ఊహ ఏమిటంటే, ఆట మొదలైన ఎంతసేపటికి వాళ్లు మొదటి నిర్ణయం తీసుకున్నారో లెక్కేస్తే అరగంట దాటుతుంది. ఈసారి గడియారం చూసుకోండి. కూర్చున్న ఐదు నిమిషాల్లో అవతలి గొంతు వినిపించాలి, ఎవరో ఒకరు జవాబు చెప్పాలా వద్దా అని తేల్చుకోవాలి.

పిలుపు పెట్టే ముందు నాకు పంపండి, చూసి చెబుతాను. ఆదివారం పొద్దున నాకు వీలే. రాత్రి షిఫ్టులో నాలుగో కుర్చీ ఖాళీగా ఉంటే ఆ ఇంజనీరు కొడుకు పాత్ర నాకివ్వండి. మీట నొక్కినవాడి కొడుక్కి ఆ గొంతు వినిపిస్తే ఏం చేస్తాడో, 87వ పేజీ చదివినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.